ఊరి పేర్లు – ఇంటి పేర్లు

నాంపల్లి రైలుస్టేషనులో దిగి ఆబిడ్సు చౌరస్తా వరకు నడచిన బాటసారి అరగంటలోపల నాలుగు భాషలను దాటిపోవును. నాంపల్లిలోని 'పల్లి' తెలుగు. స్టేషను ఇంగ్లీషు. దగ్గరలోని పబ్లిక్ గార్డెన్సుకు పాతపేరైన 'బాగె ఆం'లో బాగ్ అనునది ఫారసీ, ఆమ్ అనునది అరబ్బీ. ఇక ఆబిడ్సు అను పేరులో అరబ్బీ మాటకు ఇంగ్లీషు తోక అతికియున్నది. ఈ మాటలను మనము దినమునకు పదిమార్లు పలుకుచుందుము, ఆటోవానికి చెప్పుదుము, ఉత్తరములపై వ్రాయుదుము. అయినను వాని అర్థమేమని ఒక్క నిమిషము నిలిచి అడుగుట అరుదు.

పేరు ఊరక పుట్టదు. ఎవరో ఎప్పుడో ఒక చోటును మరియొక చోటినుండి వేరుచేసి చెప్పవలసివచ్చి ఒక మాట వాడిరి. ఆ అవసరము తీరినది, ఆ మనుష్యులు పోయిరి, మాట మిగిలినది. కనుక ఊరిపేరును, ఇంటిపేరును గ్రంథములకెక్కని చరిత్రకు సాక్షులు. అయితే ప్రశ్నించు పద్ధతి తెలియనివాని యెదుట సాక్షి ఎంతటి అబద్ధమునైనను చెప్పగలడు. ఇంగ్లండు దేశమువారు తమ ఊళ్ల పేర్లను ప్రశ్నించుటకు ఒక శాస్త్రమునే ఏర్పరచుకొనిరి. 1923లో అందులకై ఒక సంఘమును స్థాపించి, జిల్లాల వారీగా గ్రంథములు ప్రకటించుచు వచ్చిరి. ఆ శాస్త్రమునకు ఉదాహరణములు వెదకుటకై మనము సముద్రములు దాట నక్కరలేదు. ఆబిడ్సు, నాంపల్లి, కోఠీ – ఈ మూడు పేటల నడుమనే కావలసినన్ని ఉన్నవి.

ముందుగా ఆబిడ్సును చూతము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1869 నుండి 1911 వరకు హైదరాబాదు సింహాసనమున ఉండెను. ఆయన కొలువులో ఆల్బర్టు ఆబిడ్ అను ఆర్మీనియను ఒకడు ఉండెను. ప్రభువునకు అంతరంగిక సేవకుడై, దుస్తులు మొదలైనవానిని కనిపెట్టి చూచుట అతని పని. 1891లో అలెగ్జాండరు మాల్కమ్ జేకబ్ అను సిమ్లా రత్నవర్తకుడు ఒక పెద్ద వజ్రమును నిజామునకు అమ్మజూపినప్పుడు, నడుమ నిలిచి బేరము నడపినవాడు ఈ ఆబిడే. ఆ బేరము చెడి కలకత్తా హైకోర్టు వరకు పోయినది. జేకబ్ వజ్రమని ప్రసిద్ధికెక్కిన ఆ 184.75 కారట్ల రాయి నేడు భారత ప్రభుత్వపు సొత్తు.

కొలువులో సంపాదించిన పలుకుబడితో ఆబిడ్ నగరమున ఒక అంగడి పెట్టెను. ఆ అంగడిని ఇంగ్లీషు పద్ధతిని 'ఆబిడ్స్' అనిరి. అనగా 'ఆబిడ్ గారిది' అని అర్థము. అంగడి పోయినది, యజమాని పోయెను. పేరు మాత్రము అంగడినుండి వీధికి, వీధినుండి పేటకు ప్రాకినది. నేడు ఆ ప్రాంతపు చిరునామాలలో జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు అను పేరు కూడ గలదు. అయినను బస్సెక్కినవాడు అడుగునది ఆబిడ్సు టిక్కెట్టే.

ఆ పేరు చివరనున్న 'స్' అను ఒక్క అక్షరమే ఇచ్చట ముఖ్యసాక్షి. హైదరాబాదు చరిత్ర చదివినవానికి ఆబిడ్ అనగానే మరియొక ఆబిద్ జ్ఞప్తికి రావచ్చును. మొదటి నిజామునకు తాతయైన ఖ్వాజా ఆబిద్, కిలిచ్ ఖాన్ అను బిరుదు గలవాడు, 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు గాయపడి ఈ నేలమీదనే మరణించెను. నిజాముల వంశమునకే పెద్ద. అతని పేరట నగరమున ఒక పేట వెలసినదన్నచో ఎవరును కాదనరు. కాని ఆ కాలమున పుట్టిన పేరైనచో ఆబిద్‌నగర్ అనియో, ఆబిదాబాదు అనియో ఉండవలెను. ఇంగ్లీషు తోక ఉండుటకు వీలులేదు. వంశకర్తయైన సేనాని కాదు, అంగడి పెట్టిన సేవకుడే ఈ పేటకు పేరిచ్చినాడని ఆ ఒక్క అక్షరము చెప్పుచున్నది.

ఇంగ్లీషువారికి ఇట్టి పేర్లు కొత్త కాదు. 17వ శతాబ్దమున లండను నగరములో ఎడ్వర్డు లాయిడ్ అనునతడు ఒక కాఫీ అంగడి నడపెను. ఓడల యజమానులు, వర్తకులు అచ్చట చేరి భీమా బేరములు మాటలాడుకొనెడివారు. ఆ కూడిక పెరిగి లోకప్రసిద్ధమైన భీమాసంస్థ అయినది. కాఫీ అంగడి లేదు. లాయిడ్స్ అను పేరు గలదు. లండనులో లాయిడ్స్ ఎట్టిదో, మన నగరమున ఆబిడ్స్ అట్టిదే.

ఇంగ్లీషువారి ఇంటిపేర్లలోను ఈ 'స్' కనిపించును. విలియమ్స్ అనగా విలియము వాడు, రాబర్ట్స్ అనగా రాబర్టు వాడు, జోన్స్ అనగా జాన్ వాడు. సాండర్స్ అను ఇంటిపేరు అలెగ్జాండరు అను పేరునకు కుదింపైన సాండర్ నుండి వచ్చినది. ఆ అలెగ్జాండరునే ఫారసీవారు సికందర్ అనిరి. మూడవ నిజాము సికందర్ జా పేరట 1806లో సికిందరాబాదు ఏర్పడినది. ఈ వరుసను చూచినచో, లండనులోని సాండర్సు దొరకును మన సికిందరాబాదునకును పేరు వరుసన చుట్టరికము గలదు!

మన తెలుగు ఇంటిపేర్లలోను ఇట్టి తోక ఒకటి దాగియున్నది. కందుకూరు అనునది ఊరు. కందుకూరి అనునది ఇంటిపేరు. చివరి ఉకారము ఇకారమైనది. 'ఊరు' అనుమాట 'ఊరి చెరువు' అన్నప్పుడు ఊరి అగుచున్నది. 'ఏరు' అనుమాట 'ఏటి నీరు' అన్నప్పుడు ఏటి అగుచున్నది. మన వైయాకరణులు దీనిని ఔపవిభక్తికమనిరి. కందుకూరి వీరేశలింగముగారు అనగా కందుకూరు ఊరివారైన వీరేశలింగముగారని భావము. ఇంగ్లీషువాని 'స్' చేయు పనినే మన 'రి' చేయుచున్నది. అయితే ఒక భేదము గలదు. విలియమ్స్ అను పేరు 'ఎవని కొడుకవు?' అను ప్రశ్నకు సమాధానము. కందుకూరి అను పేరు 'మీదే ఊరు?' అను ప్రశ్నకు సమాధానము. క్రొత్తవాడు అరుగుమీద కూర్చుండగానే మన పెద్దలు నేటికిని మొదట అడుగుచున్నది ఆ ప్రశ్నయే గదా!

ఇంగ్లీషు ఇంటిపేర్లన్నియు తండ్రి పేర్లే యనుకొనరాదు. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట, నాలుగైదు వందల ఏండ్ల కాలములో అచ్చట ఇంటిపేర్లు క్రమముగా స్థిరపడినవి. అవి ముఖ్యముగా నాలుగు తెగలు: ఊరిని బట్టి వచ్చినవి, తండ్రిని బట్టి వచ్చినవి, వృత్తిని బట్టి వచ్చినవి, రూపగుణములను బట్టి వచ్చినవి. ఈ నాలుగింటికిని ఉదాహరణములు ఆబిడ్సునకు కూతవేటు దూరమున, కోఠీలోనే దొరకును. నేడు కోఠీ అని మనము పిలుచు పేటకు ఆ పేరిచ్చినది బ్రిటిషు రెసిడెంటు నివసించిన పెద్ద భవనము. కోఠీ అనగా భవనమే. ఆ భవనముతోను, ఆనాటి హైదరాబాదుతోను సంబంధము గల దొరల పేర్లను వరుసగా చూతము.

భవనమును కట్టించినవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1798 నుండి 1805 వరకు రెసిడెంటు. దర్బారు ఆయనకు హష్మత్ జంగ్ అను బిరుదు నిచ్చినది. ఆయన ఇంటిపేరులోని 'కిర్క్' అనునది స్కాట్లండు పలుకుబడిలో చర్చి. కిర్క్‌పాట్రిక్ అనగా పాట్రిక్ మహాత్ముని గుడి. ఆ గుడి ఉన్న ఊరు. ఇది ఊరిని బట్టి వచ్చిన పేరు, మన కందుకూరి వంటిది. 1811 నుండి 1820 వరకు రెసిడెంటుగా ఉన్నవాడు హెన్రీ రస్సెల్. రస్సెల్ అనగా ప్రాచీన ఫ్రెంచిభాషలో ఎఱ్ఱని జుట్టువాడు. మన ఎఱ్ఱన పేరు వినినవారికి ఇది వింతగా తోచదు. 1857లో, జూలై 17వ తేదీన, తుర్రెబాజ్ ఖాన్ నాయకత్వమున జనము ఈ రెసిడెన్సీ మీదికి దండెత్తినప్పుడు లోపల ఉన్న రెసిడెంటు కత్‌బర్ట్ డేవిడ్సన్. డేవిడ్సన్ అనగా డేవిడ్ కొడుకు. ఇక నిజాము కొలువులో సైనికోద్యోగియై, 1839లో థగ్గుల కథను నవలగా వ్రాసి పేరుపొందిన మెడోస్ టైలర్ ఇంటిపేరు దర్జీ పనినుండి వచ్చినది. ఊరు, రూపము, తండ్రి, వృత్తి – నాలుగు తెగలును నిండినవి.

ఈ నలుగురికి తోడు విలియం పామర్‌ను చెప్పవలెను. 19వ శతాబ్దపు తొలి దశాబ్దములలో రెసిడెన్సీ ప్రక్కన కొలువుతీరి నిజాము ప్రభుత్వమునకే పెద్ద మొత్తములు అప్పిచ్చిన కోఠీ వ్యాపారము ఇతనిది. పామర్ అనగా జెరూసలేము యాత్రచేసి, గుర్తుగా అక్కడి ఖర్జూరపు మట్టను చేతబట్టుకొని తిరిగివచ్చిన యాత్రికుడు. కాశీయాత్ర చేసినవారు గంగకావడి తెచ్చినట్లే. పూర్వుడెవరో పుణ్యయాత్ర చేసినందున వచ్చిన పేరు, వడ్డీవ్యాపారియైన మనుమనికి అంటియున్నది. ఇంటిపేరు ఎత్తిన వాని గుణమును చెప్పదు. వాని పూర్వుని ఒక క్షణమును మాత్రము చెప్పును.

ఆ రెసిడెన్సీ చుట్టునే తెలుగు ఇంటిపేర్లకును మంచి ఉదాహరణములు గలవు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము పుట్టినది రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావుగారి ఇంట. రెసిడెన్సీ బజారు తరువాతి కాలమున సుల్తాన్ బజారైనది. రావిచెట్టు అను ఇంటిపేరు చెట్టు పేరు. ఇంగ్లీషువారిలోను ఇట్టివి గలవు. నాష్ అను ఇంటిపేరు 'యాష్ చెట్టు కడ నుండువాడు' అను మాటలోనిది. 'కడ' అను అర్థమిచ్చు ముందుమాట చివరి నకారము చెట్టుపేరునకు అతుకుకొని యాష్ కాస్త నాష్ అయినది. హైదరాబాదు రాష్ట్రమునకు 1952 నుండి 1956 వరకు ముఖ్యమంత్రిగా నుండిన బూర్గుల రామకృష్ణారావుగారి ఇంటిపేరు నిజమునకు పుల్లంరాజు. బూర్గుల వారి గ్రామము. ఊరిపేరు ఇంటిపేరును ప్రక్కకు నెట్టి తానే నిలిచినది. రామాయణము రచించిన మొల్లను కొందరు ఆతుకూరి మొల్ల అందురు, కొందరు కుమ్మరి మొల్ల అందురు. మొదటిది ఇంటిపేరు, రెండవది వృత్తి. ఇంగ్లండులో పాటర్ అను ఇంటిపేరు ఇదే కుమ్మరి మాట.

2024లో, పూర్వపు రెసిడెన్సీ ఆవరణలోని మహిళా విశ్వవిద్యాలయమునకు చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఆమె పాలకుర్తి ప్రాంతపు రైతుస్త్రీ. తన చేనిపంటకై విసునూరు దేశముఖును ఎదిరించిన ధీర. ఇంటిపేరు చిట్యాల, లోకమునకు తెలిసినది వృత్తిపేరుతో. ఇంగ్లండులో లావెండర్ అను ఇంటిపేరు గలదు. వినినవారు సువాసన గల ఊదాపూల పేరనుకొందురు. నిజమునకది ప్రాచీన ఫ్రెంచిలో బట్టలుతుకువాని పేరు. ఆ దేశమున చాకలి అను అర్థము మరుగై పూవు మిగిలినది. ఇచ్చట అర్థము మరుగుపడలేదు. పాట్రిక్ గుడి అను పేరు గల దొర కట్టించిన ఆవరణమీద చాకలి అను మాటయే గౌరవముగా నిలిచినది. పేరునకు గొప్పతనము మనుష్యుని వలన వచ్చునుగాని మనుష్యునికి పేరు వలన రాదని చెప్పుటకు ఇంతకంటె ఉదాహరణమేల?

ఇక ఊరిపేర్లకు వత్తము. నాంపల్లి పేరునకు పెద్దలు చెప్పు వృత్తాంతమిది. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో రజా కులీ బేగ్ అను సేనాని ఉండెను. అతని బిరుదు నేక్‌నామ్ ఖాన్. 1672లో మరణించెను, గోలకొండ సమాధుల నడుమ అతని సమాధి నేటికిని గలదు. అతని పేరట వెలసిన నేక్‌నామ్‌పల్లియే నాంపల్లి అయినదందురు. నేక్ అనగా మంచి, నామ్ అనగా పేరు. మంచిపేరువాని పల్లె! కాలక్రమమున మంచి జారిపోయి పేరు మాత్రము మిగిలినది.

ఇంతలో ఒక విచిత్రమున్నది. ఫారసీలో నామ్, సంస్కృతములో నామ, ఇంగ్లీషులో నేమ్ – మూడును ఒకే మూలమునుండి పుట్టిన మాటలు. ఈ భాషల చుట్టరికమును 1786లో కలకత్తాలో ప్రకటించి లోకమును ఆశ్చర్యపరచినవాడు సర్ విలియం జోన్స్. 'జాన్ వాడు' అను ఇంటిపేరు గల ఆ పండితుడే! కనుక నాంపల్లి అను పేరు ఫారసీ తెలిసినవానికి, సంస్కృతము తెలిసినవానికి, ఇంగ్లీషు తెలిసినవానికి కూడ సగము అర్థమగును. మిగిలిన సగము, పల్లి, మనది.

మాట మొదలు జారిపోవుట అసంభవమా? ఇంగ్లండులో రాబిన్ హుడ్ కథలవలన మనకు పరిచితమైన నాటింగ్‌హామ్ నగరమును చూడుడు. 1086లో ఇంగ్లండు రాజు తన రాజ్యమందలి ఊళ్లను, పొలములను లెక్కించి వ్రాయించిన పుస్తకములో దాని పేరు స్నాటింగెహామ్. స్నాట్ అను నాయకుని జనము నివసించిన ఊరని అర్థము. నార్మనుల నోట మొదటి సకారము పలుకక, నాటింగ్‌హామ్ అయినది. పాత లెక్కపుస్తకము లేకున్నచో స్నాట్ అను మనుష్యుడొకడు ఉండెనని ఎవరికి తెలియును? నేక్‌నామ్ ఖానునకు శిలాశాసనమును సమాధియు గలవు. స్నాట్‌కు ఆ ఒక్క అక్షరమే సమాధి.

ఊరిపేర్ల తుదిమాటలను పట్టి చూచినచో ఏ జనము ఎప్పుడు వచ్చి స్థిరపడినదో తెలియును. ఇంగ్లండులో చెస్టర్ అని ముగియు ఊళ్లు రోమను సైనికుల దండువిడుదులు, మాంచెస్టరు అట్టిది. టన్, హామ్ అని ముగియునవి సాక్సనుల పల్లెలు. బీ అని ముగియునవి డేనుల పల్లెలు, డార్బీ అట్టిది. ఆక్స్‌ఫర్డ్ అనగా ఎడ్లు ఏరుదాటు రేవు. న్యూటన్ అనగా కొత్తూరు. ఐజాక్ న్యూటను మన దేశమున పుట్టియుండినచో కొత్తపల్లివారి అబ్బాయి అయియుండును. మన నగరమునందును ఇట్టి పొరలే గలవు. నాంపల్లి, నారాయణగూడ, కాచిగూడలలో తెలుగు తుదిమాటలు. ఆబాదు, బాగ్, గంజ్ అనునవి ఫారసీ పొర. లష్కర్ అను ఫారసీ మాటకు దండు అని అర్థము. సికిందరాబాదును జనము లష్కర్ అనుట మరువలేదు; ఏటేట ఆషాఢమున లష్కర్ బోనాలు జరుగుచునే యున్నవి. రోమనుల చెస్టరును మన లష్కరును ఒకే పనికి పుట్టిన మాటలు.

ఒక జనము మాట మరియొక జనము నోట పడినప్పుడు రెండు విధములుగా మారును. అర్థము తెలిసినచో అనువాదమగును. తెలియనిచో రూపము మారును. ఆబిడ్సు ప్రక్కన ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దపు చివర ఫిరంగులు పోతపోయించిన చోటును జనము 'తోప్ కా సాంచా' అనిరి. అనగా ఫిరంగి అచ్చు. ఇంగ్లీషువారు దానిని తమ భాషలోనికి మార్చి గన్‌ఫౌండ్రీ అనిరి. బాగె ఆం పబ్లిక్ గార్డెన్సైన తెరగు ఇదే. ఇవి అనువాదములు. ఆ రేమండు పేరు మాత్రము వేరొక త్రోవ త్రొక్కినది. మన జనమునకు 'మొస్యూ రేమాఁ' అను ఫ్రెంచి పలుకుబడి లొంగలేదు. కొందరు మూసా రామ్ అనిరి, కొందరు మూసా రహీమ్ అనిరి. 1798లో అతడు మరణించెను. మూసారాంబాగు నిలిచినది. రాముడును లేడు, మూసాయును లేడు. తమకు ప్రీతియైన పేర్లను పరదేశికి పెట్టుకొన్న జనుల ఆదరము గలదు. ఇంగ్లీషువారి నోట మన తిరుమలగిరి ట్రిమల్‌గెరీ అయినది, రాజమహేంద్రి రాజమండ్రి అయినది, కాకినాడ కొకనాడా అయినది. ఎవరి నాలుక వారిది.

ఒక్కొక్కప్పుడు అక్షరములకే అర్థము మారును. కింగ్ కోఠీని మొదట కట్టించినవాడు కమాల్ ఖాన్ అనియు, తలుపులమీద అతని పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరములు చెక్కియుండగా, ఆ భవనమును కొన్న ఏడవ నిజాము ఆ రెండింటికే 'కింగ్ కోఠీ' అను అర్థము కల్పించెననియు నగరమున చెప్పుకొందురు. అక్షరము మిగిలి మనుష్యుడు మరుగైన పేరు ఇది. ఆబిడ్సులోని చిరాగ్ అలీ సందు దీనికి విపరీతము. మౌల్వీ చిరాగ్ అలీ నిజాము ప్రభుత్వమున ఆర్థికశాఖ కార్యదర్శి, పండితుడు, 1895లో మరణించెను. ఆయనకు ఆజం యార్ జంగ్ అను బిరుదు గలదు. బిరుదును ఎరిగినవారు అరుదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సందుమీద నిలిచియున్నది. చిరాగ్ అనగా దీపము.

మనము నేర్వదగిన పద్ధతి ఏమనగా, పేరునకు అర్థము చెప్పుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. మొదటిది, ఈ పేరు వ్రాతలో దొరకు మిక్కిలి పాత రూపమేది? రెండవది, ఇందలి ఒక్కొక్క ముక్క ఏ భాషది. ఆ భాషవారు ఆ కాలమున ఇచ్చట ఉండిరా? మూడవది, ఆ అర్థమునకు నేల, నీరు, చెట్టు, వంశము సాక్ష్యమిచ్చుచున్నవా? చెవికి ఇంపుగా తోచిన అర్థము ఈ మూడింటికిని నిలువనిచో దానిని వదలుకొనవలెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఇంటిపేరు వినగానే మనకు పత్తి తోచును. దానికిని పత్తికిని సంబంధము లేదు. ప్రాచీన ఇంగ్లీషులో కాట్ అనగా గుడిసె. 'గుడిసెలున్న చోటివాడు' అని ఆ పేరునకు అర్థము. తెలుగుదేశమున ఈ పని పూర్తిగా జరుగలేదనరాదు. కడప జిల్లా ఊళ్ల పేర్లను కేతు విశ్వనాథరెడ్డిగారు శ్రద్ధతో పరిశోధించిరి. అట్టి శ్రద్ధ మన ప్రతి జిల్లాకును, ప్రతి పేటకును కావలెను.

ఇందులో తొందరపడవలసినది ఏమున్నదని శ్రోతలు అడుగవచ్చును. ఉన్నది. నాంపల్లికి ఆనుకొని, 1935లో ఏడవ నిజాము రెండవ కుమారుడైన మొజ్జం జా పేరట కట్టిన రాతిమార్కెట్టును మనము నేడు 'ఎం.జె. మార్కెట్టు' అనుచున్నాము. పిల్లవానిని అడిగినచో ఆ రెండక్షరములు చెప్పును, మనుష్యుని చెప్పలేడు. ఇదే రీతి మన ఇండ్లలోను జరుగుచున్నది. తాతగారు వేమూరివారు, తండ్రిగారు 'వి', మనుమని బడిపుస్తకముపై ఇంగ్లీషులో ఒక అక్షరము, దాని ప్రక్క ఒక చుక్క. ఊరు విడచినను, పొలము అమ్మినను, పూర్వులు తమ వెంట తెచ్చుకొన్న ఊరు ఒక్కటే: అది ఇంటిపేరులో ఉండెను. నాటింగ్‌హామునకు ఒక అక్షరము పోయినది. మనకు ఒక అక్షరమే మిగులుచున్నది.

మరియొక కారణము గలదు. ఊరిపేరు ఎవరిదను తగవు పెరిగినచోట్ల, పేరునకు తమకిష్టమైన అర్థము చెప్పుకొనుట మొదలగును. అప్పుడు పేరు సాక్షిగా నుండుట మాని వకీలగును. ఆబిడ్సు, నాంపల్లి పేర్లను పట్టి న్యాయముగా విచారించినచో ఏ ఒక్కరి వాదమును గెలువదు. ఆర్మీనియను వర్తకుడు, అరబ్బీ పేరు, ఇంగ్లీషు విభక్తి, ఫారసీ బిరుదు, తెలుగు పల్లె – ఇందులో దేనిని తీసివేసినను పేరు విరిగిపోవును. నగరము అందరు కలిసి కట్టినదని ఉపన్యాసము చెప్పనక్కరలేదు. బస్సు బోర్డుమీద వ్రాసియే యున్నది.

శ్రోతలకు మేము చేయు విన్నపము చిన్నది. మీ ఇంటిపేరు ఏ ఊరిదో, ఏ చెట్టుదో, ఏ పనిదో ఇంటిలోని పెద్దవారిని అడుగుడు. మీ వీధికి మునుపు ఏమి పేరుండెనో వారినే అడుగుడు. పాత దస్తావేజులు, పెండ్లి శుభలేఖలు, మనియార్డరు రసీదులు ఉన్నచో వానిపై పేరు ఏ విధముగా వ్రాయబడినదో చూచి, తేదీతో సహా ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. తాతగారు చెప్పిన కథ నమ్మదగినదైనను కాకున్నను, చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. తీర్పు తరువాతివారు చెప్పుకొందురు. నేక్‌నామ్ ఖాను పేరులోని మంచి ఎప్పుడు జారిపోయినదో ఎవరును వ్రాసి పెట్టలేదు. మిగిలిన పేరునైనను మన పిల్లలకు పూర్తిగా అప్పగింతము.